స్ట్రాంగ్ ఏల్ కాచాలనుకుంటే ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు ఈస్ట్ సంగతి చూడండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అమెరికా వచ్చిన కుర్రాళ్ళు కాస్త కుదురుకున్నాక నన్ను అడిగే సందేహాల్లో వీసా, కారు ఇన్సూరెన్స్ తర్వాత ఈ మధ్య ఇదొకటి చేరింది. "అన్నా, ఇక్కడ ఇంట్లోనే బీరు చేసుకోవచ్చంట కదా, కొంచెం గట్టిది, స్ట్రాంగ్ ఏల్ లాంటిది చేద్దామనుకుంటున్నాం, మంచి ఫిల్టర్ ఏది?" అందరూ ఫిల్టర్ దగ్గరే మొదలెడతారు, ఎందుకో తెలీదు. రాజాం కుర్రాడొకడైతే వాళ్ళమ్మ సూట్‌కేసులో పెట్టిన పొందూరు ఖద్దరు పంచెతో వడకడితే సరిపోదా అన్నాడు. బాబూ, బీరుని పులియబెట్టే ఈస్ట్ కణం సైజు ఐదు నుంచి పది మైక్రాన్లు, ఎంత సన్న నేత అయినా దాని కళ్ళకి పెద్ద గుమ్మమే. ఆ పంచె సంక్రాంతికి కట్టుకో.

ముందు చట్టం గురించి రెండు ముక్కలు. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇక్కడ సొంతానికి బీరు కాచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువుంటే 200. అమ్మకూడదు, రూమ్మేట్ దగ్గర "ఖర్చుల కోసం" అని డబ్బు పుచ్చుకున్నా అమ్మినట్టే అనుకోండి. 21 నిండాలి. మీ రాష్ట్రం రూల్సు, అపార్ట్‌మెంట్ లీజు వేరుగా చూసుకోండి. పులిసినదాన్ని మరిగించి ఆవిరి పట్టడం, అంటే మన దగ్గర సారా బట్టీ పని, లైసెన్స్ లేకుండా ఇక్కడా నేరమే, దాని జోలికి పోవద్దు. ఇంకొకటి, స్ట్రాంగ్ ఏల్ ఒక్క గ్లాసు మామూలు బీరు రెండింటితో సమానం. తాగి బండి తీసి దొరికితే ఫైన్‌తో పోదు, అరెస్టయితే చాలు, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసిన సందర్భాలున్నాయి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు అక్కడ కాచి మీ విద్య చూపించాలనుకునేవాళ్ళకి కూడా చెప్తున్నా, ఆంధ్రలో లైసెన్స్ లేకుండా తయారీ నేరం.

ఇప్పుడు అసలు పని. మొదటిసారి చేసేవాళ్ళు గింజలు నానబెట్టి, దంచి అంటూ మొదలెట్టకండి, డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పొడి) కొనుక్కోండి. 19 లీటర్ల ఏల్‌కి నాలుగు కిలోల ఎక్స్‌ట్రాక్టు, ఒక అరకిలో బెల్లం. అవును, ఇండియన్ స్టోర్లో దొరికే మన అనకాపల్లి బెల్లమే, బెల్జియం వాళ్ళు వాళ్ళ స్ట్రాంగ్ ఏల్స్‌లో చక్కెర వాడతారు, మనం బెల్లం వాడితే తప్పేం లేదు. కానీ అరకిలో దాటొద్దు, ఎక్కువైతే మత్తు పెరుగుతుంది, రుచి పలచబడిపోతుంది. హాప్స్‌తో (బీరుకి చేదు ఇచ్చే పూలు) గంటసేపు మూత తీసి మరిగించి, ఆఖరి పది పదిహేను నిమిషాల్లో తేటపడటానికి వర్ల్‌ఫ్లాక్ బిళ్ళ ఒకటి వెయ్యండి, ఆ తర్వాత వీలైనంత త్వరగా 18 డిగ్రీల సెల్సియస్‌కి చల్లార్చండి. హైడ్రోమీటర్ (ద్రవంలో తీపి ఎంత చిక్కగా ఉందో కొలిచేది) 1.085 దగ్గర చూపిస్తే సరిగ్గా వచ్చినట్టు. బెల్లాన్ని ముందే వెయ్యకుండా, పులియడం మొదలైన రెండో మూడో రోజు కాసిని నీళ్ళలో మరిగించి చల్లార్చి కలిపితే ఇంకా మంచిది. మొదటే వేస్తే ఆ తేలిక తీపి తినేసి ఈస్ట్ బద్ధకిస్తుంది, ఆ తర్వాత మాల్ట్ తినమంటే తినదు. ఇలా ఆపి ఆపి వేసేటప్పుడు మొదటి రోజు హైడ్రోమీటర్ ఓ ఏడెనిమిది పాయింట్లు తక్కువ, అంటే 1.077 దగ్గర చూపిస్తుంది, కంగారు పడకండి.

చల్లారిన దగ్గర్నుంచి శుభ్రతే అంతా. మరుగుతున్నప్పుడు ఏ క్రిమీ బతకదు, కాబట్టి అంతకుముందు గిన్నెలు మామూలుగా కడిగితే చాలు. మన తాటికల్లుకి ఈ బాధే లేదు, లొట్టిలో ఉన్న ఈస్టూ గాలిలో ఉన్నదీ వచ్చి చేరి దాని పని అది చేసుకుంటుంది, సాయంత్రానికి తాగేస్తాం, మర్నాటికి పుల్లబడితే పారబోస్తాం. ఈ ఏల్ నెలల తరబడి సీసాలో కూర్చుంటుంది, దూరిన ఏ చిన్న క్రిమికైనా అన్ని నెలలూ తీరికే. కడగడం వేరు, శానిటైజ్ చెయ్యడం వేరు. ముందు పీబీడబ్ల్యూ లాంటి పౌడర్‌తో నానబెట్టి మడ్డి పూర్తిగా పోగొట్టాలి, మడ్డి మీద శానిటైజర్ పని చెయ్యదు. తర్వాత స్టార్ శాన్ అనే యాసిడ్ శానిటైజర్, 19 లీటర్ల నీళ్ళకి 30 మిల్లీలీటర్లు, ఒకటి రెండు నిమిషాలు తడిసి ఉంటే చాలు. మళ్ళీ నీళ్ళతో కడక్కండి. నురుగు మిగిలిందే అని కుళాయి కింద పెట్టి కడిగేస్తారు మనవాళ్ళు, అమ్మ నేర్పిన అలవాటు, కానీ ఇక్కడ చేసిన పనంతా పోతుంది. ఆ నురుగు వల్ల ఏమీ కాదు. బట్టలకి వాడే బ్లీచ్ వద్దు, మిగిలిపోతే మందుల షాపు వాసన వస్తుంది, పైగా యాసిడ్ శానిటైజర్‌తో కలిస్తే విషవాయువు. ప్లాస్టిక్ బకెట్‌ని పీచుతో తోమకండి, ఆ గీతల్లో క్రిములు కాపురం పెడితే ఏ మందూ దిగదు. ఆవకాయ కలిపిన బకెట్ అసలు ముట్టుకోవద్దు.

మన ఇళ్ళకి ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటుంది, దోశ పిండి. పులిసే పిండిలోనూ తోడు పెట్టిన పెరుగులోనూ ఉండేది లాక్టోబాసిల్లస్ జాతే, ఏల్‌ని పుల్లగా చేసేదీ అదే జాతి. హాప్స్ చేదు దాన్ని కొంత ఆపుతుంది గానీ పూర్తిగా కాదు. ఏల్ కాచే రోజు గ్రైండర్ తియ్యొద్దు, పిండి గిన్నె వేరే గదిలో పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళతో ఈ విషయం ముందురోజే మాట్లాడుకోవడం మంచిది.

ఈస్ట్. తొంభై శాతం స్ట్రాంగ్ ఏల్స్ పాడయ్యేది ఇక్కడే అని నా నమ్మకం. మామూలు బీరుకి సరిపోయిన ఒక్క ప్యాకెట్టు ఇక్కడా వేసేసి, అది చాలక సగంలో చతికిలబడితే, "అన్నా ఆగిపోయింది, తియ్యగా ఉంది" అని ఫోను. లెక్క ఏంటంటే 1.085 వోర్ట్ (ఇంకా పులియని ఆ తీపి మాల్ట్ నీళ్ళు) 19 లీటర్లకి దాదాపు 300 బిలియన్ల కణాలు కావాలి. డ్రై ఈస్ట్ అయితే 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు, ఎస్-04 రకం గానీ యూఎస్-05 రకం గానీ, పిసినారితనం లేకుండా రెండు ప్యాకెట్లూ వెయ్యండి. లిక్విడ్ ఈస్ట్ అయితే స్టార్టర్ తప్పదు, అంటే ఈస్ట్‌ని ముందే విడిగా పెంచుకోవడం, లీటరు నీళ్ళకి 100 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ మరిగించి చల్లార్చి అందులో పెంచాలి. నేను ఎక్కువగా చేసే పని ఇంకా తేలిక. ముందు 1.045 దగ్గర ఒక పలచని ఏల్ కాస్తాను, అది సీసాల్లోకి ఎక్కించిన రోజే అడుగున మిగిలిన ఈస్ట్ మడ్డిలో ఓ పావు లీటరు తీసి గట్టిదానికి వేస్తాను, అప్పటికే అలవాటు పడ్డ ఈస్ట్ కాబట్టి పరుగులు పెడుతుంది. దీన్ని తిరగేసి మాత్రం చెయ్యకండి, స్ట్రాంగ్ ఏల్ అడుగున మిగిలే ఈస్ట్ ఆల్కహాల్‌లో అలిసిపోయి ఉంటుంది, దాన్ని మళ్ళీ వాడొద్దు.

ఈస్ట్ వేసే ముందు వోర్ట్‌ని బాగా కుదిపి గాలి ఎక్కించండి, డ్రై ఈస్ట్‌కి అంత అవసరం లేదు గానీ నష్టం లేదు. పులియడం మొదలయ్యాక మాత్రం గాలి తగలకూడదు. మొదటి మూడు రోజులూ 18 డిగ్రీలు దాటనివ్వకండి. గది 20 ఉంటే లోపల పులిసేది ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడెక్కితే ఫ్యూజల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన ఆల్కహాల్స్ పుడతాయి, గొంతు మండుతుంది, మర్నాడు తల పగిలిపోతుందనీ అంటారు. శ్రీకాకుళంలో మే నెల గదిలో ఇది కాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ వేసవిలో టబ్బులో నీళ్ళు పోసి ఐసు సీసాలు మారుస్తూ ఫెర్మెంటర్ అందులో పెడితే సరిపోతుంది. చలికాలం బేస్‌మెంట్ ఉన్నవాళ్ళకి ఆ టెన్షన్ కూడా లేదు. గ్యాస్ బయటికి వదిలి గాలి లోపలికి రానివ్వని చిన్న ఏర్‌లాక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, లావు గొట్టం ఒకటి పెట్టి రెండో కొస శానిటైజర్ నీళ్ళ సీసాలో ముంచండి. నురుగు పైకప్పుకి కొడితే డిపాజిట్ వెనక్కి రాదు. నాలుగో రోజు నుంచి 21 దాకా పెరగనివ్వండి.

ఇక మీ ఫిల్టర్. ప్లేట్ ఫిల్టర్లు దొరుకుతాయి, ఐదు మైక్రాన్లవి, ఒక మైక్రాన్‌వి, ఇంకా సన్నవీ. కానీ ఈస్ట్‌ని తీసేస్తే సీసాలో గ్యాస్ పుట్టదు, కాబట్టి కెగ్గు (బీరు నింపే స్టీలు పీపా), అందులోకి గ్యాస్ ఎక్కించే సీఓటూ సిలిండర్ ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది. పైగా ఎక్కించే ప్రతి గొట్టం, ప్రతి అతుకూ శానిటైజ్ చెయ్యాలి, ఎక్కడ గాలి దూరినా తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. కొత్తవాళ్ళకి నా సలహా, కొనొద్దు. పులియడం పూర్తయ్యాక ఫ్రిజ్‌లో ఒకటి రెండు డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి, మడ్డి దానంతటదే దిగుతుంది. ఇంకా తేటగా కావాలంటే జెలటిన్ గానీ ఐసింగ్లాస్ గానీ వేస్తారు, కానీ జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది, ఐసింగ్లాస్ చేప తిత్తి నుంచి. శాకాహారులకి పోసేముందు చెప్పాలి. వర్ల్‌ఫ్లాక్ సముద్రపు నాచుదే కాబట్టి ఆ గొడవ లేదు.

సీసాల్లో పోసేముందు మూడు రోజుల తేడాతో రెండుసార్లు హైడ్రోమీటర్ చూడండి, రెండుసార్లూ ఒకటే రావాలి. 1.020 దగ్గర ఆగితే ఎనిమిదిన్నర శాతం వచ్చినట్టు. తొందరపడి పోస్తే సీసాలు పేలతాయి, గాజు ముక్కలు గోడలో దిగుతాయి, ఇది వేళాకోళం కాదు. సీసాలో గ్యాస్ పుట్టడానికి 19 లీటర్లకి 100 గ్రాముల కార్న్ షుగర్ నీళ్ళలో మరిగించి కలపండి. చాలా రోజులు ఫెర్మెంటర్‌లోనే ఉంచినవాళ్ళు సీసాలకి ముందు తాజా ఈస్ట్ చిటికెడు కలిపితే గ్యాస్ ఖాయంగా పడుతుంది. మూడు నెలలకి ఒక సీసా తెరవండి, ఆరు నెలలకి ఇంకోటి. దీపావళికి తాగాలంటే వేసవి మొదట్లోనే కాచాలి, సెప్టెంబర్‌లో ఫోన్ చేసి త్వరగా అయ్యే మార్గం అడిగితే నా దగ్గర లేదు, అప్పుడు మాత్రం ఆ 1.045 పలచనిది కాచుకోండి, నెలన్నరలో తాగొచ్చు.