మెర్ల్ హ్యాగర్డ్‌ని జైలు మార్చిందంటే నేను ఒప్పుకోను

"ఇరవై ఏళ్లకే జైలుకెళ్లినవాడు అమెరికాలో అంత పెద్ద కంట్రీ (అక్కడి పల్లెబాణీ సంగీతం) గాయకుడు ఎలా అయ్యాడు?" అని మెర్ల్ హ్యాగర్డ్ గురించి ఒకరు అడిగారు. పట్టుదల అని అందరూ చెప్పేదే. నాకు మాత్రం ఆ కథ 1946లో మొదలైంది. ఆ ఏడు అతని నాన్న పోయాడు. పిల్లాడికి తొమ్మిదేళ్లు.

నాన్న రైల్వే మనిషి. పాత రైలు పెట్టెనొకదాన్ని ఇల్లుగా మార్చి, కాలిఫోర్నియాలోని ఆయిల్‌డేల్‌లో కాపురం పెట్టాడు. ఆయన పోయాక తల్లి లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్లింది. పిల్లాడు గూడ్సు బళ్లెక్కి పారిపోవడం మొదలుపెట్టాడు.

ఇది నాకు చదివి తెలిసిన సంగతి కాదు. మా నాన్నా రైల్వేనే, కాజీపేట. నాకూ తొమ్మిదేళ్లప్పుడే పోయారు. అమ్మ ఉద్యోగంలో చేరింది, చీకటి పడితేగానీ ఇంటికి రాదు. బడికని బయల్దేరి స్టేషన్‌కి పోయేవాణ్ణి. ఒకరోజు ప్యాసింజరెక్కి డోర్నకల్‌లో తేలాను. ఎవరో ఇంటికి కబురు పెట్టారు. రాత్రి పదకొండింటికి ప్లాట్‌ఫారం బల్ల మీద ముడుచుకుని ఉంటే అమ్మ వచ్చింది. కొడుతుందనుకున్నా. కొంగుతో నా మొహం తుడిచి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. పచ్చిపులుసన్నం. నేను తింటుంటే, మూతలో తనూ రెండు ముద్దలు పెట్టుకుంది. నాన్న పోయాక మేమిద్దరం కలిసి తిన్నది అదే మొదటిసారి.

యూట్యూబ్‌లో "జైలు నుంచి శిఖరానికి" అంటూ డప్పుల మ్యూజిక్‌తో వీడియోలు పెడతారు. కసి ఉంటే చాలట! కసి ఆ పిల్లాడికి ముందునుంచీ ఉంది. అదే శాన్ క్వెంటిన్ జైలుకి చేర్చింది. 1959 జనవరి 1న అప్పటికే పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ అక్కడికొచ్చి, గొంతు పోయినా పాడి ఖైదీలందరినీ తనవైపు తిప్పుకున్నాడు. అది చూసి హ్యాగర్డ్ కదిలిపోయిన మాట నిజమే. కానీ పన్నెండేళ్లప్పుడే చేతికి గిటారిచ్చింది అన్న లోవెల్. 1960లో పెరోల్ మీద బయటికొస్తే కరెంటు పనుల్లో పెట్టుకుందీ అతనే. ఈ అన్న పేరు ఏ వీడియోలోనూ వినపడదు, అదే నా బాధ.

తర్వాతది అందరికీ తెలుసు. 38 నంబర్ వన్ పాటలు, 1972లో కాలిఫోర్నియా గవర్నర్ రీగన్ క్షమాభిక్ష. 1968లో అమ్మ మీద పాట కట్టాడు, తను చెడిపోవడంలో ఆమె తప్పేం లేదని. ఆ పాట నేను మా అమ్మకి తెలుగులో అర్థం చెప్తూ వినిపించా. అయిపోయాక, "మళ్లీ పెట్టురా" అంది.