కారణం చెప్పకుండా పేజీ తీసేస్తే ఎవరిని అడగాలి?

మీ వంటల పేజీని సోషల్ మీడియా కంపెనీ తీసేసిందని, అప్పీల్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదని, ప్రభుత్వం తరఫున ఏదైనా దారి ఉందా అని అడిగారు. ఉందండి. 2023లో మా నాన్న కోసం నేను ఆ దారిలోనే వెళ్లాను.

మాది తెనాలి. నాన్న పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి వేషం కట్టేవారు. వయసు మీద పడ్డాక పద్యాలు పాడి వీడియోలు పెట్టేవారు. ఒకరోజు పొద్దున చూస్తే పేజీ లేదు. "మా నియమాలకు విరుద్ధం" అని ఒక్క లైను, అంతే. ఫోన్ నా చేతికిచ్చి "నేనేం తప్పు చేశాన్రా?" అన్నారు. పోలీసులు వస్తారేమోనని ఆయనకు ఒకటే టెన్షన్. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

అప్పుడు ఇలాంటి కంపెనీలు పాటించాల్సిన 2021 ఐటీ రూల్స్ తీసి చదివాను. దేశంలో 50 లక్షల మందికి పైగా యూజర్లున్న కంపెనీ తనంతట తాను ఏదైనా తీసేస్తే కారణం చెప్పాలి, మన వాదన వినాలి. ఇది మన హక్కు. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, మెయిల్ పెట్టాను. అప్పటి రూల్ ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. పన్నెండో రోజున "నిర్ణయం మారదు" అని జవాబొచ్చింది. ఆయుధంతో హింసను ప్రోత్సహించారట! ఆ ఆయుధం నాన్న భుజాన ఉన్న గద. అట్టతో చేసి, బంగారు రంగు కాగితం అంటించింది. కోపం ఆపుకోలేకపోయాను.

తర్వాత కంపెనీ నిర్ణయంపై అప్పీల్ వినే గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లాను. 2022 అక్టోబర్ సవరణతో వచ్చిన కమిటీలివి, అంతా ఆన్‌లైన్‌లోనే. లాయర్ని పెట్టుకోలేదు, పైసా కట్టలేదు. ఫిర్యాదు నంబరు, రెండు మెయిళ్లు, గద అంచు దగ్గర కాగితం లేచి అట్ట కనిపిస్తున్న ఫొటో జత చేశాను. ఐదు వారాలకు పేజీ తిరిగొచ్చింది.

ఒక్క విషయం మాత్రం నన్ను కలవరపెడుతుంది. ఈ కమిటీలను వేసేది కేంద్రమే. ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద పోస్టులు బ్లాక్ చేయించేదీ కేంద్రమే. ఆ ఆర్డర్లను గోప్యంగా ఉంచాలని రూలు కూడా ఉంది. అలాంటి కేసులో సామాన్యుడు హైకోర్టు మెట్లెక్కాల్సిందే. మీది వంటల పేజీ కాబట్టి అంతదూరం పోదనుకుంటున్నాను.

గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఇంకా రాయకపోతే ఈరోజే రాయండి. జవాబొచ్చి ఉంటే ఆ మెయిల్ తేదీ చూడండి, అప్పీల్‌కు అక్కడి నుంచి 30 రోజులే గడువు.