సెకండ్‌హ్యాండ్ స్వెటర్‌కి లేసు కుట్టే ముందు అది ఎంత సాగుతుందో చూడండి

మీరు కొన్న సెకండ్‌హ్యాండ్ స్వెటర్ భుజాల దగ్గర సరిపోయింది, పొడవు చాలలేదు, నడుము కింద బిగుతుగా ఉంది, ముందు వైపు చిన్న చిల్లు కూడా ఉంది అన్నారు. వీటిని సర్దడానికి ఇంట్లో ఉన్న మామూలు కుట్టు మిషన్‌తో లేసు వేసుకోవచ్చా, కత్తెర పెడితే అల్లిక మొత్తం ఊడిపోతుందా అన్నది మీ టెన్షన్. వేసుకోవచ్చు. నేను కొన్నేళ్లుగా ఎవరో తొడిగి వదిలేసిన స్వెటర్లను ఇలాగే మార్చుకుని తొడుక్కుంటున్నాను. అందరూ కత్తెరకే భయపడతారు గానీ, నాకు తెలిసి పని ఎక్కువగా చెడేది ఇంకోచోట. స్వెటర్ సాగుతుంది, లేసు సాగదు. ఎంత లేసు కొనాలి, ఎక్కడ కుట్టాలి, ఏ కుట్టు వేయాలి అన్నవన్నీ దీన్ని బట్టే తేలతాయి.

కుట్టే ముందు రెండింటినీ ఉతకండి. నూలు లేసైతే వేడి నీళ్లలో నానబెట్టి, కుంచించుకుపోయేదేదో ముందే పోనివ్వండి. స్వెటర్ ఊలుదో ఆక్రిలిక్‌దో తెలియాలి. సెకండ్‌హ్యాండ్ వాటికి లేబుల్ ఉంటే అదృష్టమే. లేకపోతే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద కాల్చి చూడండి. ఊలు అయితే వెంట్రుక కాలిన కంపు వస్తుంది, మంట తీయగానే దానంతటదే ఆరిపోతుంది, నలిపితే బూడిదవుతుంది. ఆక్రిలిక్ కరిగి, చివర నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. ఊలుని చల్లటి నీళ్లలో, రుద్దకుండా ఉతకాలి. వేడి నీళ్లలో వేసి రుద్దితే పోగులు ఒకదానికొకటి పట్టేసి కంబళిలా ముడుచుకుపోతుంది, మళ్లీ మామూలు కాదు. అయితే కొనేటప్పటికే అలా ముడుచుకున్న స్వెటర్ దొరికిందంటే నేను వదలను. దాన్ని గుడ్డలా కత్తిరించుకోవచ్చు, అంచు ఊడదు.

ఇక మీ బిగుతు సంగతి. స్వెటర్‌ని తిరగేసి పక్కలు చూడండి. అక్కడ కుట్టు ఉంటే కత్తెరతో పనే లేదు. ఆ కుట్టుని కింది నుంచి 15 సెంటీమీటర్ల దాకా విప్పి, పైన నాలుగైదు గట్టి కుట్లు వేసి ఆపేయండి. ఆ చీలికలో లేసు గుడ్డ త్రికోణం ముక్క పెట్టాలి. లెక్క ఇలా వేస్తాను: స్వెటర్ అంచు ఇబ్బంది లేకుండా 92 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, మీ సీటు చుట్టుకొలత 100 అనుకుందాం. వదులుకి ఇంకో 4 కలిపితే 104 కావాలి, అంటే తక్కువైంది 12, పక్కకి 6. కుట్లలోకి పోయేదానికి ఇంకో 2 కలిపి, అడుగున 8 సెంటీమీటర్ల వెడల్పుతో కత్తిరించండి. పక్క కుట్టు లేని స్వెటరైతే, కత్తిరించబోయే గీతకి అటూ ఇటూ జిగ్‌జాగ్ రెండు వరుసలు వేసి, ఆ తర్వాతే మధ్యలో కత్తిరించండి. కుట్టు లోపల చిక్కిన అల్లిక లూపు ఎక్కడికీ పోదు.

పొడవు కోసం వేసే లేసుని కింది రిబ్ పట్టీ (అడుగున గీతలు గీతలుగా అల్లిన పట్టీ) మీద మాత్రం కుట్టకండి. రిబ్ పనే ముడుచుకోవడం. దానికి సాగని లేసు తగిలిస్తే విడిచినప్పుడు వంకరటింకర, తొడిగినప్పుడు టప్పున దారం తెగడం. రిబ్‌కి పైన, లోపలి వైపు నుంచి కుట్టండి. రిబ్ 5 సెంటీమీటర్లు ఉంటే 10 సెంటీమీటర్ల వెడల్పు లేసు తీసుకోండి, సగం కిందికి కనిపిస్తుంది. లేసు పొడవుకి స్వెటర్‌ని కొలవొద్దు, మిమ్మల్ని కొలుచుకోండి: పై లెక్కలోని 104కి జాయింటు కోసం 2 కలుపుకుంటే చాలు. లేసుని, స్వెటర్ మీద రిబ్‌కి పైన కుట్టబోయే గీతని చెరో ఎనిమిది భాగాలుగా గుర్తు పెట్టి, గుర్తుకి గుర్తు కలిపి గుండుసూదులు పెట్టండి. కుట్టేటప్పుడు ఒక సూది నుంచి ఇంకో సూది దాకా స్వెటర్‌ని లేసు పొడవు వచ్చేవరకే లాగి పట్టుకోవాలి. తీసి పక్కన పెడితే లేసు కాస్త కుచ్చులా కనిపిస్తుంది, ఒంటి మీదకి రాగానే సర్దుకుంటుంది. ఆ కుచ్చు కూడా నచ్చనివాళ్లు స్పాండెక్స్ కలిసిన సాగే లేసు కొనుక్కోవడమే. నాకైతే అది స్వెటర్ మీద లోదుస్తుల లేసులా అనిపిస్తుంది, మీ ఇష్టం.

మిషన్‌కి బాల్‌పాయింట్ సూది పెట్టండి, 80 లేదా 90 నంబర్‌ది. దాని మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి పోగుని పక్కకి తోసుకుని దిగుతుంది. మామూలు సూది పోగుని చీలుస్తుంది, ఆ తేడా రెండు ఉతుకుల తర్వాత చిల్లులుగా బయటపడుతుంది. దారం పాలిస్టర్‌ది, కుట్టు సన్నటి జిగ్‌జాగ్. ప్రెషర్ ఫుట్ (గుడ్డని పైనుంచి నొక్కిపట్టే పాదం) ఒత్తిడి తగ్గించే వీలుంటే తగ్గించండి. స్వెటర్ కింద పల్చటి టిష్యూ కాగితం పట్టీ పెట్టి కుడితే అల్లిక కింద గుడ్డని జరిపే మిషన్ పళ్లలో చిక్కదు, తర్వాత కాగితం చింపి తీసేయొచ్చు. అంచు అలలు అలలుగా వచ్చినా కంగారు పడకండి. ఊలు అయితే ఆవిరి ఇస్త్రీపెట్టెని పైన ఆనించకుండా పట్టుకుంటే చాలావరకు దిగిపోతుంది. ఆక్రిలిక్ మీద ఈ పని చేయొద్దు, వేడి తగిలితే అది చతికిలబడి జావగారిపోతుంది. చేత్తో కుట్టాలనుకుంటే హెరింగ్‌బోన్ కుట్టు వేయండి, అడ్డదిడ్డంగా వెళుతుంది కాబట్టి అల్లికతోపాటు సాగుతుంది.

చిల్లు పురుగు కొట్టినదైతే అన్నిటికంటే ముందు స్వెటర్‌ని గాలి చొరని కవరులో కట్టి ఓ రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గుడ్లు మిగిలి ఉంటే మీ బీరువాలో మిగతా ఊలు బట్టలకీ పాకుతుంది. తర్వాత, చిల్లు చుట్టూ తెగిన లూపులన్నిటిలోంచి అదే రంగు దారం దూర్చి, ముడుచుకోకుండా కాస్త దగ్గరికి లాగి ముడేయండి. ఈ పని మానేసి పైన లేసు కప్పితే చిల్లు లోపల్లోపలే పెరుగుతుంది. దాని మీద లేసులోంచి కత్తిరించిన పువ్వు ఒకటి పెట్టి, రేకుల అంచు వెంబడి చేత్తో చిన్న చిన్న కుట్లు వేయండి. ఒక్క పువ్వే ఉంటే అతుకని తెలిసిపోతుంది. భుజం వైపు ఏటవాలుగా ఇంకో రెండు మూడు వేస్తే కావాలని పెట్టినట్టుంటుంది.

లేసు మరీ తెల్లగా కొట్టొచ్చినట్టుంటే, నూలుదైతే చిక్కటి టీ డికాషన్‌లో నానబెట్టి చూడండి, పాత రంగు వస్తుంది. పాలిస్టర్ లేసుకి అది పట్టదు.

ఊపులో మెడకి కూడా వేద్దామనిపిస్తే టేపు తీసుకుని మీ తల చుట్టుకొలత చూసుకోండి. పెద్దవాళ్లకి సుమారు 55 నుంచి 58 సెంటీమీటర్లు ఉంటుంది. సాగని లేసుతో మెడ చుట్టూ అంతకంటే తక్కువ వచ్చిందంటే తల దూరదు. మెడ ముందు భాగానికి మాత్రమే వేసి వెనక రిబ్‌ని వదిలేయడం తేలిక.

పూర్తయ్యాక ఉతికితే తీగ మీద వేలాడదీయకండి. నీళ్ల బరువుకి స్వెటర్ సాగుతుంది, లేసు కుట్టిన చోట ఆగిపోతుంది, రెండింటికీ మధ్య సంచిలా వేలాడుతుంది. టవల్‌లో చుట్టి నీళ్లు ఒత్తేసి, పరిచి ఆరబెట్టండి.