చిట్టి నోట్లో పులిపిర్లు

ప్రశ్న: మా లాబ్రడార్ చిట్టికి పది నెలలు. పెదవుల లోపల, చిగుళ్ల మీద చిన్న చిన్న కాలీఫ్లవర్ పువ్వుల్లా పులిపిర్లు లేచి నాలుగు నెలలైంది. వాటంతటవే పోతాయని డాక్టరు అన్నారు. పోకపోగా ఈమధ్య ఇంకా పెరిగాయి. ఒళ్లు గోక్కుంటుంటే మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్లలు రెండు నెలలుగా వేస్తున్నాం. పక్కింటావిడ సున్నం, సోడా కలిపి పెట్టమంటోంది. పిల్లలకి అంటుకుంటాయా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ సున్నం డబ్బా మూత పెట్టేయండి. చేతి మీది పులిపిరికి ఏం రాసుకున్నా మీ పక్కింటావిడ దాన్ని నాకదు. కుక్క ఊరుకుంటుందా? నా సర్వీసులో ఒకసారి ఇలాగే సున్నం పెట్టించుకుని, నాలుకంతా పొక్కిపోయి గంజి కూడా మింగలేని కుక్కని తీసుకొచ్చారు. పులిపిర్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి!

ఇది పాపిలోమా వైరస్ పని. కుక్కలది మనుషులకి రాదు, పిల్లల గురించి బెంగ వద్దు. తోటి కుక్కతో మూతి మూతి రాసుకున్నా, ఒకే గిన్నెలో తాగినా వస్తుంది. సోకిన నెలా రెణ్ణెల్లకి గానీ బయటపడదు. ఒంట్లో రోగనిరోధక శక్తి వైరస్‌ని పసిగట్టాక, లేత వయసు కుక్కల్లో మామూలుగా ఐదు నెలల లోపు రాలిపోతాయి. మీ డాక్టరు తప్పు చెప్పలేదు.

నా అనుమానమంతా ఆ బిళ్లల మీదే. స్ట్రిప్ తిప్పి చూడండి. ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. దురదని అణిచే మందే రోగనిరోధక శక్తినీ అణిచేస్తుంది. అలాగని రెండు నెలలు వేసినదాన్ని ఉన్నపళంగా ఆపొద్దు, డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. ఆ దురద పిడుదుల వల్లో, గజ్జి వల్లో తేల్చుకోండి.

అప్పటికీ మొండికేస్తే అజిత్రోమైసిన్ ఉంది. వైరస్‌కి యాంటీబయాటిక్ ఏమిటని నేనూ మొదట్లో నవ్వాను. కొన్నిటికి పనిచేసింది, కొన్నిటికి లేదు. కుక్క బరువు చూసి డాక్టరే రాయాలి. తిండికి అడ్డొచ్చేవీ, నమిలితే రక్తం కారేవీ మత్తిచ్చి కోసేస్తారు. పుండుపడినట్టో, గట్టిపడినట్టో ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గరే.

అందాకా చిట్టి గిన్నె వేరే కుక్క ముట్టకుండా చూడండి. వారానికోసారి పెదవి ఎత్తి, ఒకే వైపు నుంచి ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. "పెరిగాయండీ" అన్న మాటకన్నా డాక్టరుకి ఆ నాలుగు ఫొటోలే ఎక్కువ చెబుతాయి.