ఇండియానా ఫుట్‌బాల్ జట్టు 2026లో ఎలా ఆడుతుంది: ఒకసారి లెక్క తప్పినవాడి సమాధానం

మీ అబ్బాయి ఈ ఆగస్టులో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయంలో చేరుతున్నాడని, పదహారు మ్యాచ్‌లకు పదహారూ గెలిచి జాతీయ చాంపియన్‌గా నిలిచిన అక్కడి ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్టు వచ్చే సీజన్‌లో కూడా అలాగే ఆడుతుందా, దానికోసం సీజన్ టికెట్లు కొనడం దండగ కాదు కదా అని అడిగారు. నేను పన్నెండేళ్ల క్రితం అదే ఊరికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, చదువు పూర్తయ్యాక గంటంపావు దూరంలో ఉన్న ఇండియానాపొలిస్‌లో ఉద్యోగం చూసుకుని స్థిరపడినవాణ్ణి కాబట్టి, ఈ జట్టు ఓడిపోవడం చాలా ఎక్కువగానూ గెలవడం ఈ మధ్యనే కొద్దిగానూ కళ్లారా చూశాను.

ముందుగా నా అంచనా చెప్పేస్తాను. 2026లో పది మ్యాచ్‌ల వరకు గెలుస్తారనీ, జాతీయ టైటిల్ కోసం సీజన్ చివర జరిగే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో చోటు కోసం చివరి వారం వరకు పోటీలో ఉంటారనీ అనుకుంటున్నాను. మళ్లీ పదహారుకు పదహారు మాత్రం ఆశించవద్దు. ఈ అంచనాను నమ్మాలా వద్దా అన్నది తేల్చుకునే ముందు, 2024లో నేను ఎంత ఘోరంగా పొరబడ్డానో మీకు తెలియడం న్యాయం.

నేను చదువుకునే రోజుల్లో మెమోరియల్ స్టేడియం పక్కనున్న పచ్చిక మైదానాల్లో కార్లు నిలుపుకుని మాంసం కాల్చుకునే జనమే స్టేడియం లోపలి జనం కంటే ఎక్కువగా కనిపించేవారు. సగం ఆట అయ్యేసరికి విద్యార్థులు లేచి వెళ్లిపోయేవారు. ఇండియానాలో బాస్కెట్‌బాల్‌దే రాజ్యం. ఫుట్‌బాల్ జట్టు ఖాతాలో మాత్రం అప్పటికే ఆరువందలకు పైగా ఓటములుండగా, ఆ తరువాత ఆ లెక్క ఏడువందలు కూడా దాటింది. టామ్ ఆలెన్ శిక్షణలో 2020లో కొంత వెలుగు కనిపించినా, 2021లో రెండు, 2022లో నాలుగు, 2023లో మూడు మ్యాచ్‌లు మాత్రమే గెలవడంతో అతణ్ణి తప్పించి, 2023 నవంబరు 30న జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి కర్ట్ సిగ్నెటీని తీసుకొచ్చారు. అరవై రెండేళ్ల వయసున్న ఆ మనిషి వచ్చీ రాగానే, తాను గెలుస్తానని, నమ్మకం లేకపోతే గూగుల్‌లో చూసుకోవచ్చని విలేకరులతో అన్నాడు. అది విని మేమందరం నవ్వుకున్నాం.

2024 ఆగస్టులో ఒక మిత్రుడి ఇంట్లో సత్యనారాయణ వ్రతం భోజనాలయ్యాక, ఈ ఏడు ఇండియానా ఎన్ని గెలుస్తుందో తలా ఒక అంకె కాగితం మీద రాసి, అక్కడే పనిలో పనిగా దేవుడి పటం వెనక దాచాం. నేను రాసిన అంకె నాలుగు. అందరిలోకీ ఎక్కువ రాసింది మా మిత్రుడి మామగారు, ఆయన రాసింది ఏడు. ఆయనకు ఆట గురించి ఏమీ తెలియదు, వారానికి రోజులు ఏడు కాబట్టి రాశానన్నారు. నవంబరు మధ్యకల్లా జట్టు పదికి పది గెలిచి కూర్చుంది, ఆ కాగితం ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది, ప్రతి పండక్కీ బయటికి తీస్తారు.

నా తప్పు ఎక్కడంటే, సిగ్నెటీ తనతో తెచ్చుకున్న ఆటగాళ్లకు హైస్కూలులో ఉన్నప్పుడు ప్రతిభకు రేటింగుగా ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో చూశానే తప్ప, ఆ తరువాత కళాశాలలో ఎన్ని మ్యాచ్‌లు ఆడారో చూడలేదు. జేమ్స్ మాడిసన్ నుంచి పదమూడు మంది అతని వెంట వచ్చారు. మికాయిల్ కమారా, ఎయిడెన్ ఫిషర్, ఎలైజా సారట్, డాంజెలో పాండ్స్ వంటి ఆ కుర్రాళ్లలో ఎవరూ హైస్కూలులో పెద్ద పేరున్నవారు కారు. కానీ 2023లో ఆ చిన్న జట్టు అతని చేతికింద పదకొండు గెలిచి ఒక్కటే ఓడింది. పైగా కోవిడ్ కారణంగా 2020 సీజన్‌ను ఎవరి అర్హతలోనూ, అంటే కళాశాల జట్టుకు ఆడగలిగే ఏళ్లలో, లెక్కించకపోవడంతో, 2024లో ఇరవై మూడేళ్ల, ఇరవై నాలుగేళ్ల ఆటగాళ్లు కూడా మైదానంలో ఉన్నారు. పద్దెనిమిదేళ్ల మేటి ఆటగాడి ఎదుట, మూడేళ్లు రోజూ బరువులెత్తిన ఇరవై మూడేళ్ల సాధారణ ఆటగాడు నిలబడితే ఏమవుతుందో మన ఊళ్లలో కబడ్డీ చూసిన ఎవరికైనా తెలుసు. దీనికి తోడు ఎత్తుగడలు గీసే మైక్ షానహాన్, డిఫెన్స్ చూసే బ్రయంట్ హేన్స్, ఇద్దరూ అతనితోపాటే వచ్చారు. అంటే కొత్త ఊరికి కొత్త కోచ్ రాలేదు. నడుస్తున్న కార్ఖానా సామగ్రితో సహా లారీల్లో దిగిందన్నమాట.

అయితే ఆ ఏడాది ఎక్కడ ఆగిపోయారన్నది, ఎందుకు గెలిచారన్నదాని కంటే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. నెబ్రాస్కాను 56–7తోనూ, ప్లేఆఫ్‌కు ముందరి ఆఖరి మ్యాచ్‌లో పర్డ్యూను 66–0తోనూ చిత్తు చేసిన ఆ జట్టే ఓహాయో స్టేట్ చేతిలో 38–15తోనూ, ప్లేఆఫ్ మొదటి రౌండులో నోటర్ డామ్ చేతిలో 27–17తోనూ ఓడింది. నోటర్ డామ్ మ్యాచ్‌లో ఇండియానా చేసిన ఆఖరి రెండు టచ్‌డౌన్లూ ఫలితం తేలిపోయాక వచ్చినవే కాబట్టి, అంకె చెప్పినంత దగ్గరగా అది సాగలేదు. రెండింటిలోనూ కారణం ఒకటే: బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రోర్క్ బంతి పట్టుకుని తల పైకెత్తేలోపే అవతలివాళ్లు మీద పడుతున్నారు. సీజనంతా అతను మోకాలి లిగమెంటు తెగి ఉండగానే ఆడాడని జనవరిలో తెలిసింది. అతనికి కాపలాగా నిలిచే ఐదుగురు, అంటే అఫెన్సివ్ లైన్, మామూలు జట్ల ముందు గోడలా నిలిచారు, పెద్ద జట్ల ముందు తడికలా ఊగిపోయారు.

అప్పటినుంచి నేను మ్యాచ్ చూసే పద్ధతి మార్చుకున్నాను. బంతి వెంట కళ్లు పోనివ్వకుండా, మొదటి రెండు మూడు సార్లయినా ఎడమ చివర నిలబడిన కాపలాదారు పాదాలను చూస్తాను. బంతి కదిలిన వెంటనే అతను వేసే రెండో అడుగులో విషయమంతా ఉంటుంది: రెండో అడుగు పడేటప్పటికి అతని నడుము వంగి తల ముందుకు వాలిందంటే, ఎదుటివాడు వేగంతో ఇతణ్ణి దాటేస్తాడు, మోకాళ్లు వంగి వీపు నిటారుగా ఉండి, చేతులు ఎదుటివాడి ఛాతీకి ముందుగా తగిలాయంటే క్వార్టర్‌బ్యాక్‌కు ఇంకో సెకను దొరికినట్టే. ఆ ఒక్క సెకను కోసమే ఇంత డబ్బూ ఇంతమంది కోచ్‌లూ. టీవీలో ఇది సరిగ్గా కనిపించదు, కెమెరా బంతి వెంట పరుగెత్తుతుంది. స్టేడియంలో గోల్‌పోస్టు వెనక కూర్చుంటే చక్కగా కనిపిస్తుంది, ఆ సీట్లు చవక కూడా.

2025లో జరిగింది సరిగ్గా ఈ గోడకు మరమ్మతు. తమను ఓడించిన నోటర్ డామ్ నుంచే పాట్ కూగన్ అనే సెంటర్‌ను, అంటే గోడ మధ్యలో నిలబడేవాణ్ణి, తెచ్చుకున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గోడ సరిగా లేక దెబ్బలు తింటూ ఆడిన ఫెర్నాండో మెండోజా క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చాడు. డిసెంబరులో, దేశంలోని ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు, ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో అదే మొదటిది. పేపర్లన్నీ మెండోజా గురించే రాశాయి, రాయవలసిందే. కానీ అలబామాను 38–3తో ఓడించిన రోజ్ బౌల్ అనే ప్లేఆఫ్ మ్యాచ్‌లో అఫెన్స్ తరఫున ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనది క్వార్టర్‌బ్యాక్ కాదు, బంతిని ముట్టుకుని వెనక్కి ఇచ్చేయడమే తప్ప దానితో పరుగెత్తే హక్కయినా లేని సెంటర్ కూగన్. ఆ రోజు నాకు కలిగిన సంతోషం 2026 జనవరి 19న మయామీ జట్టును 27–21తో ఓడించి టైటిల్ గెలిచినప్పుడు కూడా కలగలేదంటే అతిశయోక్తి అనుకుంటారేమో.

ఇక్కడే ఒక హెచ్చరిక. 2025 నవంబరు 8న మా తెలుగువాళ్లం కార్తీక వనభోజనాలు పెట్టుకున్నాం. చలికి వనం కుదరక ఒకరి బేస్‌మెంటులో, కుండీలో ఉన్న ఉసిరి మొక్క చుట్టూ విస్తళ్లు వేశాం. పక్కగదిలో టీవీలో పెన్ స్టేట్‌తో మ్యాచ్. రెండు నిమిషాల కంటే తక్కువ సమయం ఉంది, ఇండియానా నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది, 80 గజాలు దాటాలి, టైమౌట్లు ఒక్కటీ లేవు. పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న ఒక పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయారు. 36 సెకన్లు మిగిలి ఉండగా ఒమార్ కూపర్ వెనక గీత దగ్గర గాల్లోకి ఎగిరి బంతి అందుకుని, గీత దాటేలోపు ఒక్క పాదం వేళ్లు నేలకు ఆనించాడు. కళాశాల ఆటలో ఒక్క పాదం చాలు. 27–24. ఆ వేళ్లు నాలుగంగుళాలు అవతల పడి ఉంటే ఈ రోజు మనం పదహారుకు పదహారు అని మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ ఏడాది అయోవా మీద 20–15తోనూ, ఇండియానా ఆడే లీగ్ అయిన బిగ్ టెన్ ఫైనల్లో ఓహాయో స్టేట్ మీద 13–10తోనూ, టైటిల్ మ్యాచ్‌లో ఆరు పాయింట్లతోనూ గట్టెక్కారు. దగ్గరి మ్యాచ్‌లు నాలుగింటికి నాలుగూ గెలవడంలో నేర్పు ఎంతుందో అదృష్టమూ అంతే ఉంది. మరుసటి ఏడు కూడా నాలుగూ ఇటే పడతాయని లెక్క వేసుకునేవాడు నా కాగితం పక్కన తన కాగితం కూడా దాచుకోవలసి వస్తుంది.

ఇప్పుడు 2026 సంగతి. మెండోజా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ దారి పట్టాడు. అతని స్థానానికి టెక్సాస్‌లోని టీసీయూ విశ్వవిద్యాలయం నుంచి జాష్ హూవర్‌ను తెచ్చారు. అక్కడ మూడు సీజన్లలో 9,000 గజాలకు పైగా బంతి విసిరిన అనుభవం అతనిది, కాబట్టి కుర్రాడు బెదురుతాడన్న భయం లేదు. అయితే మెండోజాతో పోలిస్తే అతను బంతిని ప్రత్యర్థి చేతికి ఎక్కువసార్లు అందిస్తాడు, ఇండియానా గెలుపులకు మూలం బంతిని వృథా చేయకపోవడమే కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా తోచడం లేదు.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది వేరే ఉంది. ఫిషర్, కమారా, సారట్, అంటే జేమ్స్ మాడిసన్ నుంచి వచ్చిన ఆ తొలి బృందంలో ముఖ్యులకు అర్హత ముగిసిపోయింది. సిగ్నెటీ ఏమి కోరుకుంటాడో కొత్తవాళ్లకు అతను చెప్పకముందే చెప్పిపెట్టేది వాళ్లే. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు కొత్త కోడలికి ఇంటి తీరు నేర్పినట్టు సాగిన ఆ వ్యవహారం, ఇప్పుడు ఇతర చోట్ల నుంచి ఒకటి రెండేళ్ల కింద వచ్చినవాళ్ల చేతిలో పడింది. కూగన్ కూడా వెళ్లిపోయాడు, గోడ మధ్య ఇటుక మళ్లీ కొత్తదే. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే నేను పది అన్నాను, లేకపోతే పన్నెండు అనేవాణ్ణి.

కోచింగ్ విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండవచ్చు. పెన్ స్టేట్ తన కోచ్‌ను తొలగించగానే సిగ్నెటీ పేరు అక్కడ వినబడడం మొదలైంది. వారం తిరక్కుండా, 2025 అక్టోబరులో, ఇండియానా అతనికి ఎనిమిదేళ్లకు సుమారు 9 కోట్ల 30 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం ఇచ్చి కూర్చోబెట్టింది. అలబామాలో అప్పటి ప్రధాన కోచ్ నిక్ సేబన్ దగ్గర హాయిగా ఉన్న ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి, తన తండ్రి ఒకప్పుడు శిక్షణ ఇచ్చిన చిన్న కళాశాలకు ప్రధాన కోచ్‌గా వెళ్లిన మనిషి అతను. డబ్బు కంటే తన ఇష్టప్రకారం జట్టు నడపడం అతనికి ముఖ్యమని నాకు అనిపిస్తుంది, ఇండియానాలో ఆ స్వేచ్ఛ ఉంది.

డబ్బు, నిబంధనల గురించి క్లుప్తంగా: 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలు అన్ని క్రీడలకూ కలిపి ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, తొలి ఏడాదికి ఆ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు, ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండరాదు. ఆటగాళ్లు కళాశాల మారేందుకు పేరు నమోదు చేసుకునే, ఇదివరకు వసంతంలో కూడా తెరుచుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2026 నుంచి జనవరిలో ఒక్కసారే తెరుచుకుంటుంది. కాబట్టి వసంతం తరువాత జట్టు రూపురేఖలు పెద్దగా మారవు. మీ అబ్బాయి ఆగస్టులో చూసే జట్టు దాదాపు ఇప్పుడు వెబ్‌సైటులో కనిపిస్తున్న జట్టే. ఆ రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) పేజీ తెరిచి ఎత్తులూ బరువులూ చదవడంతో ఆగకుండా, లైన్‌లోని ఐదుగురూ కళాశాల స్థాయిలో ఎన్ని మ్యాచ్‌ల్లో ఆట మొదలైనప్పటినుంచీ ఆడారో కూడి చూడండి. ఐదుగురికీ కలిపి వంద దాటితే నా పదిని పదకొండు చేసుకోండి, యాభైకి తగ్గితే తొమ్మిది.

టికెట్ల విషయానికి వస్తే, మీ అబ్బాయికి విద్యార్థి టికెట్టు విడిగా దొరుకుతుంది కాబట్టి అతని కోసం మీరు సీజన్ టికెట్టు కొననక్కరలేదు. మీరు మాత్రం సీజన్ మొత్తానికి కొనకుండా, సెప్టెంబరులో చిన్న జట్టుతో ఒక మ్యాచ్, అక్టోబరులో బిగ్ టెన్ జట్టుతో ఒక మ్యాచ్ చూసి వెళ్లండి. మొదటిదానిలో గోడ కుదిరిందో లేదో తెలుస్తుంది, రెండోదానిలో అది నిలబడుతుందో లేదో తెలుస్తుంది. సెప్టెంబరు మధ్యాహ్నం మ్యాచ్ అయితే గోల్‌పోస్టు వెనకో, పడమటి స్టాండులోనో తీసుకోండి. తూర్పు వైపు కూర్చుంటే మూడు గంటల తరువాత ఎండ సరిగ్గా ముఖం మీద కొడుతుంది, నేను ఒకసారి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండు క్వార్టర్లు చూసి, ఇంటికి వచ్చాక ఎవరు ఎలా ఆడారో హైలైట్స్‌లో తెలుసుకున్నాను.