గర్భం పోవడానికి మాత్రలు వేసుకుని పదిహేను రోజులైనా ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో రెండు గీతలే వస్తున్నాయి – సమాధానం

గర్భం వచ్చినప్పుడు తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్ ఒంట్లో ఇంకా మిగిలి ఉండడం వల్ల అయ్యుంటుంది. గర్భం పోయినా అది ఒక్కసారిగా దిగదు, యూరిన్ టెస్ట్ నాలుగు వారాల దాకా పాజిటివ్ చూపించడం మామూలే. రెండో గీత లేతగా ఉందన్నారు, బ్లీడింగ్ కూడా గడ్డలతో బాగానే అయిందన్నారు కాబట్టి రోజూ టెస్ట్ కిట్ కొని టెన్షన్ పడకండి, దాని వల్ల మెడికల్ షాపుకే లాభం.

చాలామంది వదిలేసేది రెండు వారాల చెకప్. బ్లీడింగ్ అయిందంటే పని పూర్తయినట్టే అనుకుంటారు, కానీ లోపల గర్భం ముక్కలు మిగిలినా బ్లీడింగ్ అవుతుంది. పైగా మీరు ముందు స్కాన్ తీయించుకోలేదు. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, అది ప్రాణం మీదికి వస్తుంది.

1. ఒకటి రెండు రోజుల్లో గైనకాలజిస్టును కలిసి ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి, అవసరమైతే స్కాన్ రాస్తారు. ముక్కలు మిగిలితే మళ్ళీ మాత్రలో, వాటిని పీల్చి తీసే సక్షన్ పద్ధతో చెబుతారు. సొంతంగా ఇంకో మాత్రల కిట్ మాత్రం వేసుకోవద్దు.

2. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, జ్వరం, దుర్వాసన ఉన్నా, ఒకపక్క కడుపునొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా ఆగకుండా ఎమర్జెన్సీకే.

3. ఖర్చు భయమైతే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. 18 నిండితే భర్త సంతకం చట్టప్రకారం అక్కర్లేదు, మీ వివరాలు బయటపెట్టకూడదు కూడా.

4. రెండు వారాల్లోపే మళ్ళీ గర్భం వచ్చే వీలుంది, గర్భం రాకుండా జాగ్రత్త ఇప్పటినుంచే తీసుకోండి.