సీసా అడుగు గాజుతో బాణం మొన: పెచ్చులు మధ్యలోనే తెగిపోతుంటే

సీసా గాజు అంచును రాగి మొన ఉన్న పనిముట్టుతో నొక్కి, పెచ్చులు (పలచని గాజు ముక్కలు) ఊడదీస్తూ బాణం మొన చెక్కుతుంటే అవి మధ్యలోనే తెగిపోతున్నాయా? మీరు అంచును అరగదీయకుండా నొక్కుతున్నట్టున్నారు. పెచ్చు అర సెంటీమీటరు కూడా సాగకుండా మెట్టులా తెగి, అంచు పొడిగా రాలుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. పనిముట్టు రాగి మొనను మార్చక్కర్లేదు.

అప్పుడే పగిలిన గాజు అంచు మరీ పలచన. బలం లోపలికి పోకముందే అది నలిగిపోతుంది.

1. సానరాయి ముక్కతో అంచును గట్టిగా రుద్దండి, మెరుపు పోయి తెల్లగా గరుకుతేలేదాకా. వేలితో తడిమి చూడొద్దు.

2. అంచు గీత ముక్క మందానికి నడిమధ్యన ఉండకూడదు. పెచ్చు ఊడాల్సిన ముఖం వైపుకి జరిగి ఉండాలి.

3. రాగి మొన ఆనించి ముందు లోపలికి తోయండి. బలం నిండాకే కిందికి వంచండి. నేరుగా కిందికి నొక్కితే పొట్టి, మందపు పెచ్చులే వస్తాయి.

4. అందరూ మరిచేది: ఒక వరస పెచ్చులు తీయగానే అంచు మళ్లీ పదునెక్కుతుంది. మళ్లీ రుద్దాల్సిందే, ప్రతి వరసకీ.

ఇప్పటికే పడ్డ మెట్టు మీద అటునుంచే మళ్లీ నొక్కితే అది ఇంకా లోతవుతుంది. ఎదుటి అంచు నుంచి పొడవాటి పెచ్చు తీసి దాన్ని ఎత్తేయండి.

కళ్లద్దాలు, అరచేతిలో మందపాటి తోలు తప్పనిసరి. గాజు బదులు రాయిని చెక్కడం మొదలుపెట్టినప్పుడు ఆరుబయట, మాస్కుతోనే చేయండి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.